రోహిణి రాకముందు

మొన్న నంద్యాల ఆస్పత్రిలో ఉన్న మా ఆడపడుచును చూడబోతే, ఆమె మంచం పక్కన సెలైనుకు ఒక మిషన్ తగిలించి ఉంది. చిన్న నర్సు ఏదో అంకె నొక్కి వెళ్లిపోయింది. నాకు మాత్రం ఊరకే కూర్చోబుద్ధి కాలేదు. వాచీ చూసుకుంటూ చుక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. "ఏంది వదినా, మిషన్ మీద గూడా నమ్మకం లేదా?" అని ఆడపడుచు నవ్వింది. మిషన్ మీద కాదు, నా మీదే లేదు.

డెబ్బైల చివర్లో ఆళ్లగడ్డలో ఒక చిన్న కాన్పుల ఆస్పత్రిలో నర్సుగా చేరాను. మా పెద్ద సిస్టర్ నేర్పిన లెక్క ఒకటే. ఎక్కించాల్సిన మిల్లీలీటర్లను పదిహేనుతో హెచ్చవేసి, నిమిషాలతో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుక్కలో తేలుతుంది. ఎక్కాలు రానిదాన్నేం కాదు గానీ, ఆ భాగహారం ఒకటికి రెండుసార్లు చేసి చూసుకునేదాన్ని. మామూలు గ్లూకోజు అయితే నాలుగు చుక్కలు అటూ ఇటూ అయినా కొంప మునగదు. నొప్పులు వచ్చే మందు కలిపిన సీసా అయితే మాత్రం తల్లీబిడ్డల ప్రాణం మీదికి వస్తుంది.

ఒక మధ్యాహ్నం రుద్రవరం నుంచి తొలికాన్పుకు వచ్చిన అమ్మాయికి ఆ నొప్పుల మందు నిమిషానికి పన్నెండు చుక్కలు పెట్టాను. పక్కనే కూర్చున్న ఆమె తల్లికి గొట్టం మీది చిన్న చక్రం చూపించి, "దీన్ని పైకి జరిపితే మందు జోరుగా పోతాది, ముట్టొద్దమ్మా" అని మరీ జాగ్రత్త చెప్పాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! పక్కగదిలో సూది వేసి వచ్చేసరికి చుక్కలు కాదు, ధార పడుతోంది. అమ్మాయి కడుపు రాయిలా బిగుసుకుపోయి వదలడం లేదు.

చక్రం మూసేసి, "ఎవురు తిప్పినారు దీన్ని?" అని అరిచాను.

"నేనేమ్మా," అంది తల్లి. "మూడుకు కృత్తిక పోయి రోహిణి వస్తాది. రోహిణిలో పుడితే మేనమామకు గండం. నాకుండేది ఒగే కొడుకు."

డాక్టరమ్మను కేకేసి, అమ్మాయిని ఎడమ పక్కకు తిప్పి, బిడ్డ గుండె వినే గొట్టం కడుపుకు ఆనించి విన్నాను. బిడ్డ గుండె ఆగి ఆగి కొట్టుకుంటోంది. ఆ చక్రం చూపించింది నేనే కదా దేవుడా అని ఏడుపొచ్చింది. డాక్టరమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఎంతసేపటికో కడుపు మెత్తబడింది, గుండె చప్పుడు తేరుకుంది.

సాయంత్రం ఐదింటికి ఆడపిల్ల పుట్టింది, రోహిణిలోనే. మేనమామ బస్సు దిగి వచ్చేదాకా బిడ్డను ఎవరికీ చూపించలేదు ఆ అమ్మమ్మ. గండం పోవాలంటే ముందుగా అతను నూనె గిన్నెలో దాని నీడ చూడాలట. అతను బుద్ధిగా చూసి, "ఇంక ఎత్తుకోవచ్చునా?" అని నన్ను అడిగాడు.

మంచి ఘడియ, చెడ్డ ఘడియ అని ఎవరైనా అంటే ఇప్పటికీ ఊకొట్టి ఊరుకుంటాను. నా బతుకులో అన్నిటికన్నా చెడ్డ నిమిషాలు మాత్రం ఆ కృత్తికలోనే గడిచాయి.