ఎర్ర సిలిండర్‌కు కట్టిన దారం

ఆదోనిలో మాది చిన్న జిన్నింగ్ మిల్లు. దూదికి నిప్పంటుకుంటే ఇంక అంతే. రేపు ఫైర్ ఆఫీసర్ తనిఖీకి వస్తాడనంగా, మంటలార్పే ఎర్ర సిలిండర్లన్నీ ఒక్కొక్కటే చూసుకుంటా పోయినా.

ఆఖరుదాని పిన్ను ఎంత లాగినా రాలేదు. చూస్తే, పిన్నునూ పిడినీ కలిపి పసుపుదారం చుట్టి గట్టిగా ముడేసినారు. కుంకుమ బొట్టు కూడా ఉంది. దసరాకు చేసిన ఆయుధపూజ అది.

నాకు తిక్క రేగింది.

"ఎవరు కట్టినారు దీన్ని? రేపు ఆయప్ప పిన్ను లాగమంటే నా మొగం యాడ పెట్టుకోవాల?"

నా చిన్నప్పట్నుంచీ మా మిల్లులో పత్తి ఏరే అవ్వ, కొంగుకు చేతులు తుడుచుకుంటా వచ్చింది.

"నేనే కట్టినానప్పా. మిషన్లన్నిటికీ కట్టి దీన్నొక్కదాన్ని ఎట్ల ఇడిసిపెట్టేది?"

"మిషన్లు పని చేస్తాయవ్వా. ఇది ఏడాదంతా ఊరికే ఉంటాది. దీనికెందుకు పూజ?"

"అట్ల ఊరికే ఉండాలనే కదా నాయనా, మొక్కుకొని కట్టింది."

దారం కోసేద్దామని తెచ్చిన కత్తెర పక్కన పెట్టేసినా. గోటితో మెల్లగా ముడి విప్పి, అదే దారాన్ని సిలిండర్ తగిలించే కొక్కేనికి కట్టినా.

గట్టిగానే కట్టినా.