ఇక్కడంటే యాడ, మస్తానూ?

మస్తాన్ వలీకి కంప్యూటర్ తెర కనబడితే చాలు, తువ్వాలు కప్పేస్తాడు. చేసే ఉద్యోగమేమో వెబ్‌సైట్లు తయారుచేయడం!

రియాద్‌లో మా పైవాటాలో ఉండేవాడు. వాళ్లావిడ ఆయేషా స్నానాల గదిలోంచి రోజూ అరిచేది.

"తువ్వాలేదీ?"

"డ్యూటీలో ఉంది!"

2006లో మా తెలుగు సంఘానికి వెబ్‌సైట్ చేసే పని నెత్తిన వేసుకున్నాడు. కష్టమొస్తే ఫోన్ చేయాల్సిన నంబరు అందులో ఉంటుంది. "చూపు లేనోళ్లు గూడా ఎవురి సాయమూ లేకుండా ఆ నంబరు కనుక్కోవాలక్కా. పేజీయే చదివి వినిపియ్యాల," అన్నాడు. తెలుగు చదివే మిషన్ దొరకలేదు. తన గొంతే రికార్డు చేసి పెడతానన్నాడు. అంతదాకా తనే మిషన్. తెరకు తువ్వాలు కప్పి, పేజీలో ఉన్నదంతా రాసిన కాగితంతో బల్ల కింద దూరి, నేను మీట నొక్కినప్పుడల్లా వరసలో తరవాతిది ముక్కుతో చదివేవాడు.

"నన్నే ఎందుకు?" అని అడిగేలోపే చెప్పాడు. "నువ్వు కంప్యూటర్ ముట్టినదానివి కాదు. నీకు దొరికితే లోకానికంతా దొరికినట్టేనక్కా!"

ఆ ఎండాకాలం మా అమ్మ పోయింది. దేశం దాటి వెళ్లి రావడానికిచ్చే ఎగ్జిట్ రీఎంట్రీ కాగితం చేతికొచ్చేసరికి ఊళ్లో పదకొండో రోజు కూడా అయిపోయింది. ఇక నేను వెళ్లలేదు. ఎవరితోనూ మాట్లాడబుద్ధయ్యేది కాదు. మస్తాన్ పిలిస్తే పైకెళ్లి మీట నొక్కేదాన్ని, అంతే.

"బొమ్మ," అంది మిషన్.

మళ్లీ నొక్కాను.

"బొమ్మ."

మళ్లీ.

"బొమ్మ."

ఉండబట్టలేక, "ఏం బొమ్మ?" అన్నాను.

"పేరు రాయలేదు. మిషన్‌కేం తెలుసు?"

మళ్లీ నొక్కాను.

"ఇక్కడ నొక్కండి."

"ఇక్కడంటే యాడ, మస్తానూ? గుడ్డ కప్పి ఇక్కడంటావా?"

బల్ల కింద నుంచి చప్పట్లు! వెంటనే దిద్దాడు. మర్నాడు చూస్తే ఇంకోటి చెడింది. ఆ మర్నాడు నంబరే మాయం.

"నిన్న బాగానే ఉండె గదా!"

"దుమ్ముగాలి అక్కా. దానికి పడినట్టు లేదు."

దుమ్ముగాలికి నంబరు పోతుందా! నెలరోజులు తిట్టాను, రోజుకో కొత్త తిట్టు.

సంఘం అధ్యక్షుడు ఉదయకిరణ్ గారికి ఈ తువ్వాలు నచ్చలేదు. గెంతే బొమ్మలతో వేరే పేజీ చేయించుకొచ్చారు. "శుక్రవారం తేల్చేద్దాం. ఈవిడకు నంబరు దొరక్కపోతే నాదే పెడతాం," అన్నారు.

శుక్రవారం మస్తాన్ ఇంటి హాలు నిండా జనం. తువ్వాలు కప్పారు. ఒకటి, రెండు, మూడు... "సాయం కోసం ఫోన్ నంబరు," అంది బల్ల కింది మిషన్. నాలుగో నొక్కుకు నంబరంతా గడగడా చదివేసింది!

"సార్, ఇప్పుడు మీ పేజీకి కప్పండి!" అన్నాను. ఆ గొంతు నాదేనా!

మస్తాన్ అందులో ఉన్నదంతా కాగితం మీద రాసుకుని బల్ల కింద దూరి, ఉన్నది ఉన్నట్టే చదివాడు. "బొమ్మ. బొమ్మ. బొమ్మ. ఇక్కడ నొక్కండి."

"ఇక్కడంటే ఎక్కడయ్యా?" అని అధ్యక్షులవారే అడిగేశారు. హాలంతా గొల్లుమంది. ఆయనా నవ్వి, మస్తాన్ పేజీయే పెట్టమన్నారు.

టీ కప్పులు కడుగుతూ ఆయేషా నా చెవిలో చెప్పింది. "ఆ పేజీ నెల కిందటే అయిపోయిందొదినా. చూపు లేని అమ్మిరాజన్న ఊరి చివర సులై పేట నుంచొచ్చి, బాగుందని చెప్పిపోయినాడు."

"మరి రోజూ చెడిపోయేది?"

"పొద్దున్నే లేచి ఆయనే చెడగొట్టేటోడు. తిట్టేదానికన్నా అక్క నోరు తెరుస్తాది గదా అని."

మర్నాడు ఆయేషాకని కొత్త తువ్వాలు పట్టుకుని, ఎవరూ పిలవకుండానే పైకెళ్లాను.

"ఈ పొద్దేం చెడగొట్టినావు, మస్తానూ?"

బల్ల కింద నుంచి ముక్కుగొంతు వినిపించింది.

"బొమ్మ. పేరు, నవ్వుతా ఉండే అక్క."