జకరయ్య చెప్పిన గేదె గుర్తులు

జకరయ్య బాబాయ్‌ది రేపల్లె. మైకు ఆయన వృత్తి. తెనాలిలో సినిమా రిక్షా మీద మొదలుపెట్టాడు. తర్వాత సర్కస్, చీరల తగ్గింపు అమ్మకం, ఎన్నికలు, ఏదైనా ఆయనే. పొద్దున ఒక పార్టీకి ఓటెయ్యమని అడిగిన గొంతుతోనే సాయంత్రం ఎదురు పార్టీకి వెయ్యమని అడిగేవాడు. ఎవరైనా నిలదీస్తే గొంతు అద్దెకిచ్చాను గానీ ఓటు ఇవ్వలేదు కదా అనేవాడు.

రెండువేల ఆరు నాటికి ఆ గొంతు పని అయిపోయింది. సీడీలు వచ్చాయి. ఒకసారి రికార్డు చేసి ఆటోలో పడేస్తే అదే రోజంతా అరుస్తుంది, టీ కూడా అడగదు. చివరికి ఆయనకి మిగిలింది ఒకే ఒక్క బేరం: బాపట్లలో శివపార్వతి గారి లాడ్జి, పార్వతీ నిలయం. సూర్యలంక బీచికి వచ్చేవాళ్ళు దిగే చోటు. ఆవిడ కూడా మైకు వద్దంది. హైదరాబాదు వాళ్ళు ఇంటర్నెట్లో చూసుకుని వస్తున్నారట, వెబ్‌సైటు కావాలట. ప్రచారం ఎటూ నీదే కాబట్టి అదీ నువ్వే చూడు, కార్తీక మాసానికి గదులు నిండకపోతే మాత్రం కేబుల్ టీవీ వాళ్ళకి ఇచ్చేస్తాను అంది.

అలా ఆయన నా దగ్గరికొచ్చాడు. నేను ఇంజనీరింగ్ మధ్యలో మానేసి బాపట్లలో నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఎందుకు మానేశానంటే బోరు కొట్టింది, అంతే. ఆయన కుర్చీలో కూర్చుని, చేతిలో మైకు ఉన్నట్టే పట్టుకుని చెప్పడం మొదలుపెట్టాడు. నేను నాకొచ్చిన ఇంగ్లీషులో కొట్టుకుంటూ పోయాను. సూర్యలంకలో లాడ్జి కావాలా, పార్వతీ నిలయం. మంచి లాడ్జి కావాలా, పార్వతీ నిలయం. బాపట్లలో లాడ్జి అంటే, మళ్ళీ పార్వతీ నిలయం. పేజీ చివరిదాకా అదే. అన్నిసార్లు ఎందుకని అడిగితే, వీధి చివర వినేవాడికి మొదటిసారి చెవిన పడదన్నాడు. ఆయన అనుభవం ముందు నేనెంత?

గూగుల్ మాత్రం వినలేదు. సూర్యలంక లాడ్జి అని కొడితే ఎన్ని పేజీలు తిప్పినా మేం కనపడలేదు. మాకంటే ముందు ఒక ఈము పక్షుల ఫారం కనపడింది. దాని పేజీలో సూర్యలంక మాట ఒక్కసారే ఉంది. కాకపోతే బాపట్ల నుంచి బీచి దారిలో ఎక్కడ తిరగాలో, గేటు ముందు ఏ గుర్తు ఉంటుందో శుభ్రంగా రాసుకున్నారు. నేను కాస్త చదివితే తెలిసిందేంటంటే, ఒకే మాట పదేపదే రాసిన పేజీని గూగుల్ మోసం కింద లెక్కేస్తుందట. అడిగినవాడికి పనికొచ్చేదేముందో చూస్తుందట. ఇంకెవరైనా బాగుందని ఆ పేజీకి లింకు పెట్టి దారి చూపిస్తున్నారా అని కూడా చూస్తుందట.

ఆదివారం ఈ సంగతి చెబుదామని రేపల్లె వెళ్ళాను. బాబాయ్ ఇంటి అరుగు మీద నగరం అనే ఊరి దగ్గరి రైతు కోటేశ్వరరావు గారు దిగులుగా కూర్చుని ఉన్నాడు. ఆయన సూడి గేదె తప్పిపోయింది. పోయిన గేదెకి సీడీ ఎక్కడ దొరుకుతుంది? అందుకే బాబాయ్ కావలసి వచ్చాడు. నన్ను కూడా ఆటో ఎక్కించారు.

ఆ రోజు మైకులో బాబాయ్ గొంతు వేరు. రాగం లేదు, పరుగు లేదు. ప్రతి వీధిలోనూ ఒక్కసారి, నిదానంగా:

"కోటేశ్వరరావు గారి గేదె తప్పిపోయిందండి. సూడిది. ఎడమ కొమ్ము కిందికి వంగి ఉంటుంది. తోక కుచ్చు తెలుపు. పేరు పెట్టి పిలిస్తే రాదు, కుడితి బకెట్టు చప్పుడైతే వస్తుంది. మగవాళ్ళు దగ్గరికెళ్తే పొడుస్తుంది, ఆడవాళ్ళు వెళ్ళండి."

పొడుస్తుందని ఊరంతా చెప్పడమేంటని కోటేశ్వరరావు గారు ఆటోలోనే గొణిగాడు. రేపు అమ్ముదామన్నా కొనేవాడు ఉండడని ఆయన బాధ. బాబాయ్ మాత్రం మాట మార్చలేదు. ఆటో వెళ్తుంటే గిన్నెలు తోముకునేవాళ్ళు కూడా చెయ్యాపి విన్నారు. సాయంత్రానికల్లా పక్క ఊళ్ళో ఒకావిడ బకెట్టు తట్టిందట, అరటితోటలోంచి గేదె నడుచుకుంటూ వచ్చేసిందట.

తిరిగొస్తుంటే నేను గూగుల్ సంగతి చెప్పాను. బాబాయ్ మైకు వైరు చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు:

"గేదెకి చెప్పినట్టు లాడ్జికి చెప్పలేదురా అబ్బాయ్ మనం."

మర్నాడే బాపట్ల వచ్చి పాత పేజీ తీసేయమన్నాడు. ఈసారి లాడ్జి పేరు ఒకటి రెండు చోట్లే చెప్పాడు. రైలు దిగి ఏ వైపు బయటికి రావాలి, ఆటో ఎక్కడ దొరుకుతుంది, తెల్లారి సముద్రానికి ఎప్పుడు బయల్దేరాలి, టీ ఎక్కడ బాగుంటుంది, నీళ్ళలో ఎంతవరకు దిగొచ్చు, అన్నీ రాయించాడు. ఆపైన, మా గదుల్లోంచి సముద్రం కనపడదు, ఆటోలో వెళ్ళాలి. బోరు నీళ్ళు ఉప్పన, సబ్బు నురగ రాదు, వేణ్ణీళ్ళు మాత్రం అడిగితే బకెట్టుతో ఇస్తాం.

అది చదివించుకుని శివపార్వతి గారు మండిపడింది.

"ఏమయ్యా జకరయ్యా, మా నీళ్ళు ఉప్పనని నువ్వే చాటింపు వేస్తే ఇంకెవడొస్తాడు? కేబుల్ వాడైనా నయం కదయ్యా."

"కొమ్ము వంకరని చెప్పకపోతే గేదె దొరకదు కదమ్మా. కార్తీకం దాకా ఆగండి. అప్పటికీ రాకపోతే మీరు మాన్పించక్కర్లా, నేనే మానేస్తా."

ఆవిడ ఆగింది. మేం రోజూ గూగుల్లో కొట్టి చూసేవాళ్ళం. ముందు మా పేజీ కదల్లేదు. తర్వాత హైదరాబాదులో ఎవరో ఒకాయన, బీచిలు తిరిగి రాసుకునే మనిషి, బాపట్ల వెళ్ళేముందు ఇది చదవండి, వీళ్ళు నిజం రాశారు అని తన బ్లాగులో మా పేజీకి లింకు పెట్టాడు. ఆయన్ని చూసి ఇంకొందరు పెట్టారు. మేం మెల్లగా పైకి జరిగాం. ఈము ఫారాన్ని దాటిన రోజు బాబాయ్ నెట్ సెంటర్లో అందరికీ సోడాలు కొట్టించాడు. దసరా వెళ్ళాక చూస్తే మొదటి పేజీలో ఉన్నాం.

ఫోన్లు మొదలయ్యాయి. సముద్రం కనపడదని మీరే రాశారు కదండీ, మిగతావాళ్ళంతా కనపడుతుందని అబద్ధం చెప్పారు, గదులున్నాయా అని అడిగేవాళ్ళు. కార్తీక పౌర్ణమికి గది ఖాళీ లేక శివపార్వతి గారు చుట్టాలనే వెనక్కి పంపింది. కేబుల్ మాట మళ్ళీ ఎత్తలేదు.

కానీ వచ్చిన ప్రతివాళ్ళూ సబ్బు నురగ రాదట కదా అని నవ్వుతూ అడుగుతుంటే ఆవిడకి చిర్రెత్తింది. పంతం పట్టి మంచినీళ్ళ ట్యాంకు కట్టించింది. నీళ్ళు వదిలిన రోజున మా ఇద్దర్నీ పిలిపించింది.

"ఇప్పుడు మార్చి రాయి, ఉప్పు పోయిందని."

"ఏ సబ్బుందమ్మా ఇంట్లో?"

"సబ్బెందుకు నీకు?"

"చూడకుండా ఎలా రాస్తానండి?"

ఆవిడ నోరు తెరిచేలోపే బాబాయ్ సబ్బు అందుకుని, తువ్వాలు భుజాన వేసుకుని ఖాళీ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. లోపల నీళ్ళ చప్పుడు, దాని మీద ఒక పాత సినిమా ప్రకటన పూర్తి గొంతుతో. చాలాసేపటికి తలుపు సందులోంచి చెయ్యి బయటికి పెట్టాడు. మోచేతి దాకా నురగ.

"రాసుకోరా అబ్బాయ్."