కోట కాపలావాడికి ఇచ్చిన నీళ్ళు

వేలమ్మాళ్ చదివేది తమిళం, చెప్పేది తెలుగు. కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ళలో తెలుగువాళ్ళ సంగతే అంత. ఇంట్లో మాట ఒకటి, బళ్ళో అక్షరం ఒకటి. పెళ్ళయిన కొత్తలో, చదవడం రాని మొగుడు తంగరాజ్‌కి ఆమె ఒక మాయల నవలను అలాగే చదివి చెప్పింది. దురాశకు పోయి రాక్షసులకు కోట తలుపు తీసిన కాపలావాడి కథ అది. ఊరు బూడిదయ్యాక వాడికి బుద్ధొచ్చి, అడవులు పట్టి తిరిగి, నిప్పుల ఏరు దాటి, ఆ రాక్షసులనే తరిమికొడతాడు. చివరికి తనవల్ల కొడుకును పోగొట్టుకున్న ముసలమ్మ గడప ముందు తల వంచుకుని నిలబడతాడు. ఆమె చెంబుతో నీళ్ళిచ్చి, "తప్పు తీరిపోయె, నాయనా" అంటుంది.

తంగరాజ్ అప్పుడు పగలబడి నవ్వాడు. "ఇంత చేసినోణ్ణి చెప్పుతో కొట్టకుండా నీళ్ళిచ్చెనా?" అన్నాడు. నవ్వడానికేం, తనదాకా వస్తేగా తెలిసేది!

పోయినేడు తనదాకా రానే వచ్చింది. తంగరాజ్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి ఆడవాళ్ళను చేరవేసే వ్యాను తోలేవాడు. ఒకనాటి పొద్దున, రాత్రి తాగినది దిగకుండానే బండెక్కాడు. మలుపులో వ్యాను బోల్తాపడింది. కడంబూరు నుంచి పనికొచ్చే కార్తిక అనే పిల్లకు కుడిచెయ్యి నలిగిపోయింది. విరుదునగర్ ఆసుపత్రిలో ఆ చెయ్యి తీసేశారు.

బెయిలు మీద వచ్చిన తంగరాజ్ తాగుడు మానేశాడు. దాంతోపాటు పొలం మానేశాడు, తిండి మానేశాడు, మాట కూడా మానేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే మరి. ఒకరోజు పురుగుమందు డబ్బా ముందు పెట్టుకుని, దానివంకే చూస్తూ కూర్చున్నాడు. వేలమ్మాళ్ డబ్బాను లాక్కుని జొన్నల కుండలో దాచింది. ఏం చెయ్యాలో తోచక, అట్ట చిరిగిన ఆ పాత నవల దులిపి, రోజూ దీపాలవేళ మళ్ళీ మొదటినుంచి చదివి చెప్పసాగింది.

ఈసారి అతను నవ్వలేదు. కాపలావాడు తలుపు తీసేచోట గోడవైపు తిరిగాడు. ఇంకా చివరి అధ్యాయం మిగిలుండగానే హఠాత్తుగా అన్నాడు: "ఆ ముసలమ్మ నీళ్ళిచ్చె కదా మే?"

"ఇచ్చె మావా."

మర్నాడు చెప్పాపెట్టకుండా కడంబూరు బస్సెక్కాడు. వేలమ్మాళ్ కాలుగాలిన పిల్లిలా ఇంటికీ వీధికీ తిరిగింది. మధ్యాహ్నానికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది!

"నీళ్ళిచ్చె మే! కార్తికే ఇచ్చె. ఎడంచేత్తో చెంబు పట్టుకొచ్చె. నేను తాగితిని!"

అక్కడి తెలుగువాళ్ళలో పగ ఉన్న ఇంట నీళ్ళు ముట్టరు, పగవాడికి నీళ్ళివ్వరు. చెంబు చేతికందిందంటే తగువు తీరినట్టే, ఇక పంచాయితీ అక్కర్లేదు. వేలమ్మాళ్‌కి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అతను గడ్డం గీయించుకుని, తలస్నానం చేసి, అడిగి మరీ రెండుసార్లు చారన్నం పెట్టించుకున్నాడు.

అతను పెరట్లో చెయ్యి కడుగుతుండగా ఫోను మోగింది. కార్తిక. వాళ్ళు తమిళులు, ఆ పిల్ల తమిళంలోనే మాట్లాడింది.

"అక్కా, ఆయన్ని మళ్ళీ మా ఇంటికి రానివ్వకండి. ఎండలో నిలబడ్డాడు, ఎవరొచ్చినా ఇచ్చేవే కదా అని నీళ్ళిచ్చాను. ఆయన మొహం చూసినప్పటినుంచీ నా ఒళ్ళు వణుకుతూనే ఉంది."

"మన్నించావేమో అని..." అంది వేలమ్మాళ్.

"ఎవరన్నారక్కా? చెయ్యి పోయింది నాది," అని ఆ పిల్ల ఫోను పెట్టేసింది.

తంగరాజ్ తుండుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "కడపటిది చదువు మే. ఆ ముసలమ్మ మాట నాకు మళ్ళీ వినాల."

ఆమె పేజీ తిప్పింది. ముసలమ్మ నీళ్ళిచ్చింది. వాడు తాగాడు. ముసలమ్మ లోపలికి పోయి తలుపు వేసుకుంది. అంతే! 'తప్పు తీరిపోయె' అన్న మాట పుస్తకంలో ఎక్కడా లేదు. నీళ్ళిచ్చాక ఇంకేముంటుందిలే అని ఆనాడు తనే చెప్పేసింది. అది కల్పించానన్న సంగతి కూడా ఇన్నాళ్ళూ ఆమెకు గుర్తులేదు.

చెబితే ఈ మనిషి ఏమైపోతాడో! చెప్పకపోతే రేపోమాపో మళ్ళీ ఆ పిల్ల గడప తొక్కుతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"ఏమనె మే?"

"తప్పు తీరిపోయె, నాయనా, అనె," అంది వేలమ్మాళ్, లేని మాటను వేలుపెట్టి చదువుతున్నట్టే.

తంగరాజ్ తృప్తిగా తలాడించాడు. లేచి చొక్కా దులుపుకున్నాడు.

"పత్తికి పురుగు పట్టిండాదంట. రేపు నేనే పోయి మందు కొడతా. ఆ డబ్బా యాడ పెడితివి? ఎత్తుకొచ్చి ఈడ పెట్టు మే."