శుభలేఖలో ఇతరులైన మామయ్యలు

డెబ్బయ్యో దశకంలో రేపల్లెలో నా పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు బాపట్లలో వ్యవసాయ ఎమ్మెస్సీ చదువుతూ పరిశోధన వ్యాసం ముగిస్తున్నారు. తెనాలిలో అచ్చుకిచ్చిన శుభలేఖల ప్రూఫులు దిద్దే పని కూడా ఆయనకే అప్పగించారు.

వ్యాసం చివర పుస్తకాల పట్టికలో రచయిత పేరు ముందు, కామా పెట్టి ఇంటిపేరు తర్వాత రాయాలట. ఎక్కువమంది ఉంటే మొదటివారిని రాసి ‘మరియు ఇతరులు’ అంటే చాలట. ఆ ధ్యాసలోనే ఆయన మా శుభలేఖనూ దిద్దేశారు.

పసుపు దంచేరోజు కార్డుల కట్ట విప్పాం. ముగ్గురు మేనమామల్లో పెద్దాయన పేరే ఉంది. కొల్లూరు చిన్నమామయ్య కార్డు రెండువైపులా చూశాడు.

“నేనెక్కడున్నానక్కా?”

“ఇతరుల్లో ఉన్నావేమోరా” అంది అమ్మ నెమ్మదిగా.

“అయితే పిల్లని బుట్టలో ఎత్తుకొచ్చే పని కూడా ఇతరులే చూసుకుంటార్లే” అంటూ చెప్పులేసుకున్నాడు. రెండో మామయ్యా లేచాడు. నాకు ఏడుపొచ్చేసింది. నాన్న వాళ్లను బతిమాలి ఆపి, బాపట్లకు మనిషిని పంపారు.

మర్నాడు పెళ్లికొడుకు రైలు దిగి వచ్చారు. “పుస్తకాల్లో పద్ధతి అదేనండి” అన్నారు బిక్కమొహంతో.

“పుస్తకాలకి కోపాలు రావు బాబూ” అన్నాడు చిన్నమామయ్య.

మళ్లీ అచ్చు వేయించే వ్యవధి లేదు. ఆయన అరుగుమీద కూర్చుని ప్రతి కార్డులోనూ మామయ్యల పేర్లు చేత్తో రాయడం మొదలుపెట్టారు. ఆయన దస్తూరి ఎవరికీ అర్థం కాకపోయేసరికి, చిన్నమామయ్యే నన్ను పిలిచి, పేర్లు రాయమని ఆయన పక్కన కూర్చోబెట్టాడు.

“సిరా అయిపోయిందండి” అన్నది ఆయనతో నా మొదటి మాట. ప్రూఫు సరిగ్గా దిద్ది ఉంటే, పెళ్లిపీటలదాకా ఆయన గొంతు కూడా వినేదాన్ని కాదు.