జ్ఞాపకం ఏ భాషలో ఉంది

కరోనా ఆంక్షలు ఎత్తేసి ఆసుపత్రులు మళ్ళీ మామూలుగా నడవడం మొదలైన ఏడాది నేను చెన్నై మైలాపూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ క్లినికల్ సైకాలజిస్టుగా ఉన్నాను. మందులు రాసే అధికారం మాకు లేదు. అది సైకియాట్రిస్టులది. వాళ్ళు పంపినవారికి పరీక్షలు, మాటల చికిత్స చేయడం మా పని. కోమలను అలాగే పంపారు.

ఆమె పురసవాక్కంలో లెక్కల టీచరు. తరతరాలుగా మద్రాసులో బట్టల వ్యాపారం చేసిన తెలుగు కుటుంబం. అంతకు ముందటేడు తల్లిని స్కూటర్ మీద టి. నగర్ తీసుకెళ్తుంటే వెనకనుంచి నీళ్ళ లారీ గుద్దింది. తల్లి అక్కడికక్కడే పోయింది. కోమల చేయి విరిగి అతుక్కుంది గాని, లారీ హారన్ వినబడితే చాలు, చెమటలు పట్టి ఎక్కడున్నదో అక్కడే నిలబడిపోయేది. రోడ్డు దాటలేక సెలవు మీద సెలవు పెడుతోంది. ఉద్యోగం పోయేలా ఉంది.

ఆమెకు కంటి కదలికల చికిత్స మొదలుపెట్టాను. మా వృత్తిలో దాన్ని ఇ.ఎం.డి.ఆర్. అంటాం. ఇది హిప్నాటిజం కాదు. మనసు కుదుటపరచుకునే పద్ధతులు ముందు నేర్పి, ఆ తరువాత బాధపెట్టే జ్ఞాపకంలోంచి ఒక దృశ్యాన్ని, తన గురించి తాను నమ్ముతున్న ఒక వాక్యాన్ని ఎంచుకోమంటాం. వాటిని మనసులో ఉంచుకుని, అటూ ఇటూ కదిలే మా వేళ్ళను తల కదపకుండా కళ్ళతో అనుసరించాలి. మధ్యమధ్య ఆపి, ఇప్పుడేం వస్తోందని అడుగుతాం. వచ్చినదానికి వ్యాఖ్యానం చెప్పం. బాధ ఎంతుందో సున్నా నుంచి పది దాకా ఒక అంకెగా రోగే చెప్పాలి.

కోమల తమిళంలో ఎంచుకున్న వాక్యానికి అర్థం "తప్పు నాదే". భర్త, పిల్లలు, బడి అంతా తమిళమే కనుక సెషన్లూ తమిళంలోనే సాగాయి. అంకె ఎనిమిది దగ్గర ఆగిపోయింది. వేళ్ళ వేగం మార్చాను, దిశ మార్చాను. రోడ్డు, లారీ అంటూ పాఠం అప్పజెప్పినట్టు చెప్పేదే తప్ప కదలిక లేదు.

ఒకరోజు ఆమె వెళ్ళబోతుంటే, అమ్మతో ఏ భాషలో మాట్లాడేవారని అడిగాను.

"తెలుగే మేడమ్. ఆమె పొయినాక తెలుగు మాట్లాడేదానికి ఇంట్లో ఎవురూ లేరు."

మరుసటి వారం ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పమన్నాను. ఆమె నోట వచ్చింది వేరే వాక్యం: "నేను దింపలా."

అంకె పదికి పోయింది.

"సిగ్నల్ కాడ అమ్మ అనింది మేడమ్, నన్ను ఈడ్నే దింపెయ్యి, నడిచొస్తా అని. కూర్చోమ్మా, ఇంకెంత దూరం, ఆడ దింపతా అన్నా. ఇది ఎవురికీ చెప్పలా. మా ఆయనకి కూడా."

మీ తప్పు కాదని ఓదార్చడం తేలిక. ఈ పద్ధతిలో అది చేయకూడదు. వేళ్ళు కదిపాను. ఆమె కన్నీళ్ళు కారుతుండగానే చూపుతో అనుసరించింది. అలా కొన్ని విడతలయ్యాక ఆమె ముఖం మారింది.

"ఆమె ఎప్పుడూ అదే అంటాది. బండి ఎక్కిన కాడ్నుంచి దిగిపోతా దిగిపోతా అంటానే ఉంటాది. భయం ఆమెకి. మార్కెట్టుకి పోయినా అంతే, డాక్టరు కాడికి పోయినా అంతే. నేను ఒకనాడూ దింపలా. పట్టుకో అంటా, పట్టుకుంటాది. అదే మేడమ్, ఆ దినమూ అంతే."

ఆ రోజూ అన్ని రోజుల్లాంటిదేనని నేను చెప్పి ఉంటే ఆమె నమ్మేది కాదు. ఆ రోజు నాలుగు దగ్గర ముగించాం. తరువాతి వారాల్లో ఒకటికి వచ్చింది. సున్నా రాలేదు, రావాలని నేను పట్టుబట్టలేదు. తల్లి పోయిన దుఃఖాన్ని మేము జబ్బుగా లెక్కించం. కోమల బస్సులో బడికి వెళ్ళడం మొదలుపెట్టింది. స్కూటర్ మాత్రం అమ్మేసింది.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా, మొదటి ఇంటర్వ్యూలోనే బాధపెట్టిన ఆ సంఘటన జరిగినప్పుడు చుట్టూ ఏ భాష వినబడిందో అడిగేదాన్ని. చెన్నైలో చాలామందికి ఇంటి భాష ఒకటి, బయటి భాష ఒకటి. వాక్యాన్ని ఆ క్షణం నాటి భాషలోనే తీసుకోవాలి. అది నాకు రాని భాషయితే రోగి మనసులో అనుకున్నా సరిపోతుంది. నాకు అర్థం కావలసిన అవసరం లేదు.