అన్ని చేపలకీ ఒకటే జబ్బు

ఆ వీధిలో ఎవరింట్లో చేప చచ్చినా, ఎందుకు చచ్చిందో తేల్చాల్సింది చేపల షాపాయనే. ఆయన తేల్చే కారణం ఒక్కటే, వృద్ధాప్యం. ఇప్పటికి నాలుగొందల పైచిలుకు చేపల్ని పరీక్షించాడు. ఒక్కటంటే ఒక్కటి కూడా రోగంతోనో దెబ్బ తగిలో పోలేదు. అన్నీ నిండు నూరేళ్ళూ బతికి పోయినవే. దాంతో ఆయన అసలు పేరు షాపు బోర్డు మీదే ఉండిపోయింది. జనం నోట్లో మాత్రం ఆయన వృద్ధాప్యం గారు.

వడ్రంగి ఇంట్లో చేప తొట్టిలోంచి ఎగిరి నేల మీద పడి ఎండిపోయింది. చూపు ఆనలేదు పాపం, వయసు అన్నాడు. టైలరమ్మ ఇంట్లో పిల్లి తినేసి తోక మాత్రం వదిలిపెట్టింది. ఆ తోకనే అరచేతిలో పెట్టుకుని, భూతద్దంతో అటూ ఇటూ చూసి, వయసులో ఉన్న చేపైతే పిల్లికి చిక్కేదా అని ఎదురు ప్రశ్న వేశాడు. లెక్కల మాస్టారు ఊరుకోలేదు. శనివారం మీ షాపులోనే కొన్నాను, సోమవారానికి తేలిపోయింది, రెండ్రోజుల్లో ముసలిదైపోయిందా అని నిలదీశాడు. వృద్ధాప్యం గారు కాసేపు తల గోక్కున్నాడు.

"శనివారానికే దానికి బాగా వయసు మాస్టారూ. మొహమాటపడి చెప్పలేదు."

అలాగని పని రాని మనిషి కాదు. బతికున్న చేప దగ్గర ఆయన వాలకమే వేరు. రెక్క చిరిగినా, కన్ను ఉబ్బినా, ఒంటి మీద తెల్ల మచ్చలు లేచినా, దాన్ని విడిగా ఒక టబ్బులోకి మార్చి, కొలిచి ఉప్పేసి, పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఒకసారి తొట్టిలో అలంకారానికి పెట్టిన బొమ్మ కోట గుచ్చుకుని ఒక చేపకి పొట్ట గీసుకుపోతే, మూడు రోజులు ఆ కోట బురుజులన్నీ గరుకు కాగితంతో అరగదీశాడు. చేపల్ని మీరు అనే పిలిచేవాడు. కాస్త పక్కకి తిరుగుతారా అని అడిగి, అది తిరిగేదాకా ఆగేవాడు. చచ్చాక మాత్రం ఆ తెలివంతా ఎటు పోయేదో ఎవరికీ అంతుబట్టేది కాదు.

అందరూ నవ్వి ఊరుకునేవాళ్ళు. నవ్వు రానిది ఒక్క నర్సమ్మకే.

నర్సమ్మ పళ్ళ డాక్టరు దగ్గర చేరి అప్పటికి మూడు నెలలు. అదే మొదటి ఉద్యోగం. శుభ్రమంటే ప్రాణం. తలుపు గొళ్ళెం నుంచి గోడ గడియారం దాకా ఆమె స్పిరిట్ దూది తగలని వస్తువు క్లినిక్‌లో లేదు. ఒకసారి కుర్చీలో నిద్రపోతున్న పేషెంటు కళ్ళజోడు కూడా తీసి తుడిచి మళ్ళీ పెట్టింది. పైగా దేనికైనా కారణం కావాలి, కారణానికి రుజువు కావాలి. చదువు ఎక్కువైతే వచ్చే జబ్బుల్లో అదొకటి. అలాంటి మనిషికి వృద్ధాప్యం గారిని చూస్తే ఒళ్ళు మండిపోయేది.

క్లినిక్‌లో పేషెంట్లు కూర్చునే హాల్లో గాజు తొట్టి ఒకటి ఉంది. అందులో అరచేయంత బంగారు చేప. క్లినిక్ తెరిచిన రోజున డాక్టరు తెచ్చుకున్నది, తొమ్మిదేళ్ళుగా అక్కడే ఉంది. దాన్ని అందరూ పెద్దమనిషి అనేవాళ్ళు. పన్ను పీకించుకోడానికొచ్చి గుక్కపట్టి ఏడ్చే పిల్లలు, పెద్దమనిషి నోరు తెరిచి మూయడం చూస్తూ ఏడుపు మర్చిపోయేవాళ్ళు. డాక్టరు లెక్కలో ఆ చేప సగం మత్తు సూది. దానికి తోడుగా ఈ మధ్యే రెండు పిల్ల చేపల్ని తెచ్చి వేశారు.

ఆ పిల్లలు రెండూ ఒకే వారంలో చచ్చిపోయాయి. వృద్ధాప్యం గారు వచ్చి, చూసి, పుస్తకం తీసి రాసుకున్నాడు. వాటికి నిండా నాలుగు నెలలు లేవని నర్సమ్మ గుర్తు చేసింది.

"అవునమ్మా. ఒకేసారి పుట్టినవి, ఒకేసారి పెద్దవైపోయాయి."

మూడో రోజున పెద్దమనిషి మంచం పట్టాడు. నీళ్ళపైకి తేలి, నోరు బయటపెట్టి గుటకలు మింగుతున్నాడు. మొప్పలు ఎర్రబడ్డాయి, గింజ వేస్తే మొహం తిప్పుకుంటున్నాడు. డాక్టరు చేతిలో పని ఆపి నర్సమ్మనీ ఆయానీ పిలిచాడు. ఆయన అరిచే మనిషి కాదు, అందుకే ఎక్కువ భయం. తొమ్మిదేళ్ళు లేనిది ఇప్పుడు వచ్చిందంటే ఎవరో ఏదో చేస్తున్నారని, అదెవరో తేలితే వాళ్ళకి ఇక్కడ పనుండదని నెమ్మదిగా చెప్పి వెళ్ళిపోయాడు. ఆయా మొహం పాలిపోయింది.

నర్సమ్మ మాత్రం బెదరలేదు. తప్పెవరిదో ఆమె ముందే తేల్చేసుకుంది. ఆ ముసలాయన తొట్టెల్లో పోసే నీలం మందే విషం. సాయంత్రం ఆయన పెట్టె పట్టుకుని రాగానే సీసాలన్నీ బల్ల మీద వరసగా పెట్టించి, ఏది ఎప్పుడు ఎంత పోశాడో ఒక్కొక్కటే అడిగింది. ఆయన బుద్ధిగా జవాబు చెప్పాడు. రెండు నెలలుగా ఈ తొట్టిలో ఒక్క చుక్క మందు కూడా పడలేదట. ఆ తర్వాత ఆయన నీళ్ళకి ముక్కు ఆనించి వాసన చూసి, నీళ్ళని వడగట్టే మోటారు విప్పి స్పాంజి బయటికి తీశాడు. అది మల్లెపువ్వులా ఉంది.

"ఇదెవరు కడిగారు తల్లీ?"

"నేనే." నర్సమ్మకి ఎక్కడలేని గర్వం వచ్చింది. "అంతకుముందు జిగురూ పాకుడూ పట్టి ఉండేది. ప్రతి శనివారం, పళ్ళు పీకే సామాను అయిపోయాక దీన్ని కూడా ఆవిరి మిషన్‌లో పెడుతున్నాను. ఒక్క క్రిమి మిగలదు."

"మిగలదు" అని ఆయన ఒప్పుకున్నాడు. స్పాంజిని జేబులో పెట్టుకున్నాడు.

ఇంతలో డాక్టరు బయటికొచ్చి ఏం తేలిందని అడిగాడు.

"వయసండీ డాక్టరుగారూ. తొమ్మిదేళ్ళంటే మాటలా."

"మరి ఆ పిల్లలో?"

"వాటికీ అదే. స్పాంజి కూడా ముసలిదైపోయింది. మారుస్తాను."

ముసలితనం వచ్చింది చేపలకి కాదని గొణిగి డాక్టరు లోపలికి వెళ్ళిపోయాడు.

నర్సమ్మ వాదనకి దిగబోయేంతలో వృద్ధాప్యం గారు పెట్టెలోంచి ఇంకో స్పాంజి తీశాడు. నల్లగా, బంకగా, మురిక్కాలవలోంచి తీసినట్టుంది. తన షాపు తొట్టిలోదట. తళతళలాడే తొట్టిలో దాన్ని పెడుతుంటే ఆమె చెయ్యి స్పిరిట్ దూది వైపు పోయింది. అప్పుడు చెప్పాడు, ఏదో ఇరుగింటి కబురు చెప్పినట్టు. ఈ జిగురులో కంటికి ఆనని ప్రాణులు కాపురముంటాయి. చేప వదిలే మలినాన్ని తినేసి, నీళ్ళు విషం కాకుండా చూసేది అవే. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే ఓసారి పిండి పెట్టేయాలి, అంతకు మించి ముట్టుకోకూడదు.

నర్సమ్మ వేళ్ళ మీద శనివారాలు లెక్కపెట్టుకుంది. మూడు. ఎవరి కోసం వెతుకుతోందో ఆ మనిషి దొరికింది.

"అంటే చంపింది నేనే. అది తెలిసి కూడా సార్‌కి ఎందుకు చెప్పలేదు బాబాయ్ గారూ?"

ఆయన వినపడనట్టు బకెట్లు తేవడానికి వెళ్ళాడు. పుస్తకం బల్ల మీద ఉండిపోయింది. రుజువు లేనిదే నిద్రపట్టని మనిషి కదా, తెరిచి చూసింది. కారణం అన్న గడిలో మొదటి పేజీ పైన ఒక్కసారి వృద్ధాప్యం అని రాసి ఉంది, దాని కింద పేజీల తరబడి, పైదే అన్న గుర్తుగా జంట గీతలే. పక్కన ఇంకో గడి ఉంది, ఇచ్చినవి అని. వడ్రంగికి, తొట్టి మీదకి మూత. టైలరమ్మకి, పిల్లికి అందని ఎత్తు బల్ల. గుప్పెడేసి గింజలు వేసే మాస్టారి తల్లికి, చిటికెడు పట్టే చెంచా. రోజుకి ఒక్కసారే వాడాలి, లేకపోతే విరిగిపోతుందని చెప్పాలి.

తిరిగొచ్చిన ఆయన ఆమె చేతిలో పుస్తకం చూసి, దొంగతనం బయటపడ్డ మనిషిలా నేల చూపులు చూశాడు.

"పోయిన చేప ఎలాగూ రాదమ్మా. ఆ తొట్టి చూసినప్పుడల్లా నేనే చంపానని కుమిలిపోయే మనిషి ఇంకో చేపనేం పెంచుతుంది?" అన్నాడు. వెంటనే, నా వ్యాపారం కూడా సాగాలి కదా అని నవ్వేశాడు.

ఆ తర్వాతి పది రోజులూ నర్సమ్మకి తొట్టే లోకం. ముందురోజు బకెట్లలో పట్టి ఉంచిన నీళ్ళే పోయాలి, అదీ రోజుకి నాలుగో వంతు మార్చాలి. నాలుగు రోజులు తిండి బంద్. అన్నిటికన్నా కష్టం, ఆ నల్ల స్పాంజిని ముట్టుకోకపోవడం. చేతులు వెనక్కి కట్టుకుని తొట్టి ముందు నిలబడేది. ఎవరూ లేరనుకుని ఆమె కూడా చేపని మీరు అంటోందని ఆయా వీధంతా చెప్పింది.

పదో రోజున పెద్దమనిషి అడుక్కి దిగి గింజ అందుకున్నాడు. ఎలా బతికిందని డాక్టరు వృద్ధాప్యం గారిని అడిగాడు. హాల్లో ఏడెనిమిది మంది పేషెంట్లున్నారు. చావుకి ఒక్క మాటతో సరిపెట్టే మనిషి, బతుక్కి మాత్రం పది నిమిషాలు కారణం చెప్పాడు. చివరి కుర్చీ దాకా వినపడేలా చెప్పాడు. ఏ రోజు ఎన్ని బకెట్లు మోసిందీ, సెలవు రోజున కూడా ఎవరొచ్చి నీళ్ళు మార్చిందీ, అన్నీ.

"నా మందేం లేదండీ ఇందులో. ఈ అమ్మాయి బతికించింది."

నోట్లో దూది పెట్టుకున్న పేషెంటొకడు చప్పట్లు కొట్టాడు.

నర్సమ్మ ఆ చప్పట్లు భరించలేకపోయింది. జబ్బు తెప్పించింది కూడా నేనే సార్ అని మొదలెట్టింది. వృద్ధాప్యం గారికి ఉన్నట్టుండి దగ్గు తెర వచ్చింది. ఆమె గొంతు పెంచింది, ఆయన దగ్గు పెంచాడు. ఆమె స్పాంజి దాకా వచ్చేసరికి ఆయన చేతిలో పెట్టె మూత ఊడి సీసాలూ వలలూ నేలంతా దొర్లాయి. అయినా ఆమె ఆగలేదు. ఆవిరి మిషన్‌తో సహా మొత్తం చెప్పేసింది.

హాల్లో దగ్గు తప్ప ఇంకో చప్పుడు లేదు. డాక్టరు ఆమెనీ, బెంచీల కింద పాకుతూ సీసాలు ఏరుకుంటున్న పెద్దాయననీ, గాజు వెనక తీరిగ్గా గింజ నములుతున్న పెద్దమనిషినీ వరసగా చూశాడు.

"రేపు కూడా నీళ్ళు మార్చాలి కదమ్మా? ఇవాళే పట్టి ఉంచు" అన్నాడు. తర్వాత పేషెంట్ల వైపు తిరిగి, ఎవరి వంతో అడిగాడు.

బెంచీ కింద దగ్గు ఠక్కున తగ్గిపోయింది.